సర్కారు కొలువులో బొమ్మల సినిమా మనిషి – నార్మన్ మెక్‌లారెన్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి పంపమని కార్యదర్శిగారు కబురు చేశారు. ప్రకాశం పంతులుగారి గురించి, మోక్షగుండంవారి గురించి, సర్ ఆర్థర్ కాటన్ గురించి రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అవి వారు రాస్తే చదివి ఆనందించేవాడిని నేను. నా వంతుగా, మనలాగే నెల జీతం మీద బతికి, మనలాగే పదవీ విరమణ చేసిన ఒక ప్రభుత్వోద్యోగిని పరిచయం చేస్తాను. ఆయన మన దేశస్థుడు కాడు. స్కాట్లండులో పుట్టి, లండనులో తపాలాశాఖలో చేరి, తరువాత కెనడా ప్రభుత్వపు ఫిల్ము బోర్డులో నలభై మూడేళ్ళు పనిచేసిన నార్మన్ మెక్‌లారెన్ అనే పెద్దమనిషి. ఆయన చేసిన ఉద్యోగం చిన్న చిన్న బొమ్మల సినిమాలు తీయడం. చాలావరకు ఎనిమిది నిమిషాలు, పది నిమిషాలు, పదమూడు నిమిషాలు. ఆ చిన్న సినిమాలే ఆయనకు ప్రపంచమంతటా పేరు తెచ్చాయి.

సర్కారు కొలువులో చేరిన మనిషిలో కళ ఏదైనా ఉంటే పదేళ్ళలో ఎండిపోతుందని మనందరం విన్న మాటే. మన ఆఫీసుల్లో కవులు, నటులు, వేణువు వాయించేవాళ్ళు ఎందరో ఉండేవారు. ఐదు గంటలు దాటాకే వారు కళాకారులు. పది నుంచి ఐదు దాకా గుమాస్తాలు. మెక్‌లారెన్ విషయంలో ఆ రెండూ ఒక్కటయ్యాయి. అది ఎలా సాధ్యమైంది, అందుకు ఆయన ఏమేమి వదులుకోవలసి వచ్చింది అన్నదే నన్ను ఆకర్షించిన సంగతి.

మెక్‌లారెన్ 1914 ఏప్రిల్ 11న స్టిర్లింగ్ పట్టణంలో జన్మించారు. తండ్రిది ఇళ్ళకు రంగులు, అలంకరణ పనులు చేయించే వ్యాపారం. 1932లో గ్లాస్గో కళాపాఠశాలలో చేరిన తరువాత కుర్రవాడికి సినిమా పిచ్చి పట్టింది. కాని చేతిలో కెమెరా లేదు, కొనే స్తోమత లేదు. అప్పుడు ఆయనకు తట్టిన ఉపాయం చూడండి. వాడి పారేసిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము సంపాదించి, దాని మీది పూతను కడిగేసి, ఖాళీ అయిన ఆ పారదర్శకమైన పట్టీ మీద నేరుగా రంగులతో బొమ్మలు వేశారు. టూరింగ్ టాకీసు వెనక ఫిల్ము ముక్కలు ఏరుకొచ్చి, పాత బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండ పట్టి గోడ మీద ఎన్.టి.రామారావుగారి బొమ్మ చూసుకున్న తరం మనది. కాబట్టి ఈ ఉపాయంలోని సంబరం మనకు వేరే చెప్పనక్కరలేదు. మనం బొమ్మ చూసి ఆగిపోయాం. ఆయన బొమ్మ చెరిపి తన బొమ్మ వేసుకున్నారు.

తరువాత కెమెరా కూడా చేతికి వచ్చింది. 1936లో హెలెన్ బిగ్గర్ అనే శిల్పితో కలిసి ఆయుధ వ్యాపారాన్నీ యుద్ధాన్నీ దుయ్యబడుతూ ‘హెల్ అన్‌లిమిటెడ్’ అనే చిత్రం తీశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. స్కాట్లండులో జరిగే ఔత్సాహికుల చిత్రోత్సవానికి న్యాయనిర్ణేతగా వచ్చిన జాన్ గ్రియర్సన్ ఈ కుర్రవాడి పని గమనించారు. డాక్యుమెంటరీ చిత్రాలకు పితామహుడని పేరుపొందిన గ్రియర్సన్ అప్పట్లో లండను తపాలాశాఖలోని ఫిల్ము విభాగానికి అధిపతి. తన దగ్గర ఉద్యోగం ఇచ్చారు. చేరే ముందు మెక్‌లారెన్ స్పెయిన్ వెళ్ళి, అంతర్యుద్ధంలో ముట్టడికి గురైన మాడ్రిడ్ నగరం మీద తీస్తున్న ఒక డాక్యుమెంటరీకి కెమెరామన్‌గా పనిచేశారు. అక్కడ కళ్ళారా చూసిన యుద్ధం ఆయనను జీవితాంతం వదలలేదు.

తపాలాశాఖకు సినిమాలతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆ రోజుల్లో బ్రిటనులో ఉత్తరాలతోపాటు టెలిఫోన్లు కూడా ఆ శాఖ చేతిలోనే ఉండేవి. ప్రజలకు తమ సేవలు తెలియజెప్పడానికి ఒక ఫిల్ము విభాగం పెట్టుకున్నారు. కొత్తగా చేరిన మెక్‌లారెన్‌కు 1937లో అప్పజెప్పిన పనుల్లో ఒకటి, లండను టెలిఫోను డైరెక్టరీ ఎలా అచ్చవుతుందో చూపించడం. ఇంతకంటే రుచీపచీ లేని పని ఉంటుందా! ఇన్‌వార్డు సెక్షనులో మొదటి మూడేళ్ళు గడిపిన వాళ్ళకు ఆ బాధ తెలుసు. ఆయన ఆ పనీ చేశారు.

1938లో విమాన తపాలాకు ప్రచారంగా ‘లవ్ ఆన్ ది వింగ్’ తీశారు. ఇందులో ఫిల్ము మీద నేరుగా కలంతో గీసిన రెండు ఉత్తరాలు ప్రేమించుకుంటాయి. క్షణానికొక రూపం మార్చుకుంటూ ఒకదాని వెంట ఒకటి ఎగురుతాయి. శాఖాధిపతికి అందులో శృంగారం పాలు ఎక్కువైనట్టు తోచి, విడుదలకు ఒప్పుకోలేదు. పై అధికారి ఒక్క గీతతో ఏళ్ళ శ్రమ బీరువాలోకి పోవడం మనకు కొత్త కాదు. మెక్‌లారెన్‌కు అది మొదటిసారి. ఆఖరిసారి కాదు.

1939లో యుద్ధమేఘాలు కమ్ముకుంటూండగా ఆయన అమెరికాకు తరలిపోయారు. వెంట ఉన్నవారు గై గ్లోవర్. 1937లో లండనులో పరిచయమై, ఆ తరువాత యాభై ఏళ్ళు, చివరిదాకా ఆయనకు తోడుగా జీవించిన వ్యక్తి. న్యూయార్కులో గుగ్గెన్‌హైమ్ సంస్థ వారికి ‘డాట్స్’, ‘లూప్స్’ వంటి చిన్న చిత్రాలు చేసి ఇచ్చారు. ఇంతలో కెనడా ప్రభుత్వం 1939లో నేషనల్ ఫిల్ము బోర్డు స్థాపించి గ్రియర్సన్‌ను దానికి అధిపతిని చేసింది. 1941లో ఆయన తన పాత ఉద్యోగిని ఒటావాకు పిలిపించుకున్నారు. చేతికిచ్చిన మొదటి పని మళ్ళీ తపాలాదే! క్రిస్మస్ ఉత్తరాలు ముందుగా పోస్టు చేయండని ప్రజలకు చెప్పే చిత్రం. ఆ తరువాత యుద్ధ పొదుపు పత్రాలు కొనమని చెప్పేవి. యుద్ధమంటే గిట్టని మనిషి యుద్ధకాలపు సర్కారులో జీతం తీసుకుంటే చేయవలసినవి ఉంటాయి. కాని వాటిలోనూ ఆయన తుపాకీ పట్టిన సైనికుణ్ణి చూపించి భయపెట్టలేదు. ‘హెన్ హాప్’ చిత్రంలో ఒక కోడిపెట్ట గ్రామీణ నృత్యానికి అడుగులు వేస్తూ, గుడ్డుగా మారి, మళ్ళీ కోడిగా మారి, పొదుపు చేయమని చెబుతుంది.

ఆ పని ఎలా చేసేవారో కాస్త వివరంగా చెప్పాలి. సినిమా తెర మీద సెకనుకు 24 బొమ్మలు మారతాయి. నిమిషానికి 1,440. ఒక్కొక్క బొమ్మ చిన్న తపాలా బిళ్ళంత ఉంటుంది. ఆ జాగాలో కలంతో కోడిని గీసి, పక్క జాగాలో దాని కాలు వెంట్రుకవాసి జరిపి మళ్ళీ గీయాలి. అలా వేలకు వేలు. కెమెరా అక్కరలేదు, స్టూడియో అక్కరలేదు, సిరా, కలం, ఫిల్ము, ఒక బల్ల చాలు. బడ్జెట్టు తక్కువ అడిగే ఉద్యోగిని ఏ ఆఫీసు మాత్రం కాదంటుంది? ఆయన స్వేచ్ఛకు సగం కారణం ఈ పొదుపే అని నా అభిప్రాయం. మిగతా సగం గ్రియర్సన్ వంటి అధికారి దొరకడం.

ఇంకొక వింత ఉంది. సినిమా ఫిల్ము అంచున, బొమ్మల పక్కన, శబ్దం కోసం సన్నని బాట ఒకటి ఉంటుంది. అందులోని నలుపు తెలుపుల తేడా మీద దీపపు వెలుగు పడి శబ్దంగా మారుతుంది. పాత ప్రింటు గీతలు పడి, అతుకుల దగ్గర టపటపమని మోగడం మన ఊరి హాళ్ళలో ఎన్నిసార్లు వినలేదు! మెక్‌లారెన్ ఆ టపటపలనే పట్టుకున్నారు. శబ్దం బాట మీద తానే గీతలు గీసి, గీకి, ఏ గీతకు ఏ ధ్వని వస్తుందో కనిపెట్టారు. తరువాత సన్నని, మందమైన చారలున్న అట్టముక్కలు తయారుచేసి, ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క అట్ట చొప్పున పెట్టెలో వరసగా పేర్చుకుని, కావలసిన వాటిని ఫోటో తీసి సంగీతం కూర్చారు. వాయిద్యం లేదు, వాయించేవాడు లేడు. మన రికార్డు రూములో కట్టలు వరస తప్పకుండా పెట్టుకున్నట్టు ఆయన స్వరాలను పెట్టుకున్నారన్నమాట.

1943లో బోర్డు ఆయనను బొమ్మల చిత్రాలకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయమంది. కళాపాఠశాలల నుంచి యువతీయువకులను ఎంచి తెచ్చారు. జార్జ్ డన్నింగ్, గ్రాంట్ మన్రో, రెనె జొడ్వాన్ అలా వచ్చినవారే. అందరిలోకీ ఎవలిన్ లాంబార్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చిన్ననాటి నుంచే ఆమెకు వినికిడి లోపం. కెనడాలో బొమ్మల చిత్రాల రంగంలోకి వచ్చిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. 1949లో ఇద్దరూ కలిసి ఆస్కార్ పీటర్సన్ అనే జాజ్ విద్వాంసుని పియానో సంగీతానికి ‘బిగోన్ డల్ కేర్’ అనే చిత్రం చేశారు. ఇందులో మనిషి లేడు, కోడి లేదు, కథ లేదు. పొడవాటి ఫిల్ము పరచి, దాని మీద రంగులు పూసి, గీకి, ఆరకముందే బట్టలు, లేసులు అద్ది, దుమ్ము పడితే పడనిచ్చి చేసిన పని. రంగులు పియానోతో సమానంగా గంతులు వేస్తాయి. మెక్‌లారెన్ పేరు చెప్పినప్పుడు లాంబార్ట్ పేరు వదిలేసేవారు ఉన్నారు. అది తగదు. వారి చిత్రాల్లో అనేకం ఇద్దరివీ.

అదే 1949లో యునెస్కో వారు ఆయనను చైనాకు పంపారు. అక్కడి పల్లెల్లో ఆరోగ్య విషయాలు చెప్పడానికి బొమ్మలు, గోడపత్రాలు, చవక ఫిల్ము పట్టీలు తయారుచేయడం స్థానిక చిత్రకారులకు నేర్పడం పని. ఆయన అక్కడ ఉండగానే చైనాలో ప్రభుత్వం మారిపోయింది. మావో సేనలు వచ్చాయి. కొత్త పాలనలో తన చుట్టూ ఉన్న సామాన్యులకు కొంత మేలు జరగడం చూసి ఇంటికి చేరారు. చేరేసరికి 1950లో కొరియా యుద్ధం. నిన్న తాను కలిసి పనిచేసిన చైనీయులు ఇటు తన దేశానికి శత్రువులయ్యారు. ఎవరి పక్షం వహించాలో తెలియని ఆ బాధలోంచి 1952లో ‘నైబర్స్’ అనే చిత్రం పుట్టింది. నైబర్స్ అంటే ఇరుగుపొరుగువారు.

కథ ఇంతే. పచ్చిక మీద పక్కపక్కనే రెండు ఇళ్ళు, అట్టముక్క మీద వేసిన ఇళ్ళే. ఇద్దరు మనుషులు పడక కుర్చీల్లో కూర్చుని పత్రిక చదువుకుంటూ ఉంటారు. ఒకరి పైపుకు మరొకరు అగ్గిపుల్ల వెలిగించేటంత స్నేహం. ఇద్దరి మధ్యా హద్దు మీద ఒక పువ్వు పూస్తుంది. ఇద్దరూ వాసన చూసి పరవశిస్తారు. ఆ పైన ఆ పువ్వు ఎవరిది? కంచె వేస్తారు. కంచె ఎటు వేయాలని తగాదా. తోపులాట, దెబ్బలు, మొహాలు రాక్షసుల మొహాలుగా మారడం, ఒకడి ఇల్లు ఒకడు కూల్చి లోపలున్న భార్యాబిడ్డలను కూడా చంపడం. పువ్వు కాళ్ళ కింద నలిగిపోతుంది. చివరికి ఇద్దరూ చస్తారు. కంచె కర్రలే సమాధుల చుట్టూ నిలబడతాయి. పొరుగువానిని ప్రేమించమన్న మాట అనేక భాషల్లో తెర మీద పడుతుంది.

రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళు గట్టు తగాదాల ఫైళ్ళు నడిపినవాడిని నేను. అన్నదమ్ములిద్దరి పొలాల మధ్య గట్టు మీద ఉన్న ఒక చింతచెట్టు కోసం సర్వేయరు నాలుగుసార్లు గొలుసు వేసిన ఫైలు నా చేతిమీదుగానే పోయింది. ఐదోసారి కొలిచే నాటికి చెట్టు గాలివానకు పడిపోయింది. తగాదా మాత్రం పడలేదు, కొడుకుల చేతికి వచ్చింది. మా మనవడు కంప్యూటరులో ఈ సినిమా చూపించినప్పుడు నాకు కెనడా కనపడలేదు, ఆ ఫైలు కనపడింది.

ఈ చిత్రంలో బొమ్మలు గీయలేదు. బతికున్న మనుషులనే బొమ్మల్లా వాడారు. గ్రాంట్ మన్రో, జాన్‌పాల్ లదూసర్ ఇద్దరూ బోర్డు ఉద్యోగులే. ఒక అంగుళం కదలమనడం, ఒక ఫోటో తీయడం; మళ్ళీ కదలమనడం, మళ్ళీ తీయడం. గాల్లో తేలుతున్నట్టు కనపడాలంటే నటుడు ఎగరాలి. పైకి లేచిన ఆ క్షణంలో ఫోటో తీయాలి. దిగి, కాస్త జరిగి, మళ్ళీ ఎగరాలి. పాపం ఆ సహోద్యోగులు ఎన్ని వందల గంతులు వేశారో! దీన్ని పిక్సిలేషన్ అంటారు. శబ్దం నేను పైన చెప్పిన అట్టముక్కల పెట్టెలోనిదే.

1953లో ఈ ఎనిమిది నిమిషాల చిత్రానికి ఆస్కారు బహుమతి వచ్చింది. అదీ డాక్యుమెంటరీ లఘుచిత్రాల విభాగంలో! ఏ కాలమ్‌లో వేయాలో తెలియక ఏదో ఒక కాలమ్‌లో వేసినట్టుంది. బహుమతి వచ్చినా బాధ తప్పలేదు. భార్యాబిడ్డలను చంపే ఘట్టం అమెరికాలోనూ ఐరోపాలోనూ ప్రదర్శనకు అడ్డమని, దాన్ని కోయవలసి వచ్చింది. యుద్ధంలో చచ్చేది మగవాళ్ళు మాత్రమే కాదన్న మాటే ఆ చిత్రానికి ప్రాణం. దాన్నే కోసేశారు. వియత్నాం యుద్ధకాలంలో జనం మనసు మారి, ఆ ఘట్టాన్ని మళ్ళీ చేర్చమని అడిగారు. అప్పటికి దాని అసలు నెగటివు లేదు. ఒక పాత ప్రింటులోంచి తీసి అతికారు. ఆ కొద్ది సెకన్లు మిగతా చిత్రంకంటే మసకగా ఉండడానికి కారణం అదే.

యునెస్కో పని మీద ఆయన 1950ల మొదట్లో మన దేశానికి కూడా వచ్చి, దృశ్య బోధనా పద్ధతులు నేర్పి వెళ్ళారు. మనకు ఇంకా దగ్గర సంబంధం 1957 నాటి ‘ఎ చెయిరీ టేల్’ చిత్రంతో ఉంది. దీనికి సంగీతం పండిట్ రవిశంకర్‌గారి సితారు, చతుర్‌లాల్‌గారి తబలా. పాశ్చాత్య దేశాల్లో రవిశంకర్‌గారి పేరు ఇంటింటికీ తెలియడానికి ఇంకా పదేళ్ళు ఉన్న రోజులవి. ఇందులో పాత్రలు రెండే, ఒక మనిషి, ఒక తెల్ల కుర్చీ. మనిషి పుస్తకం చదువుకుందామని కూర్చోబోతాడు. కుర్చీ పక్కకు తప్పుకుంటుంది. తరుముతాడు, బతిమాలతాడు, అలుగుతాడు, దానితో నాట్యం చేస్తాడు. కుర్చీ లొంగదు. చివరికి దాని మనసులో ఉన్నది అర్థమై, తాను కుర్చీలా వంగి, కుర్చీని తన మీద కూర్చోనిస్తాడు. అప్పుడు గాని అది కూర్చోనివ్వదు. సన్నటి దారాలతో కుర్చీని ఆడించినది లాంబార్ట్. కుర్చీ కోసం జరిగే కథలు మన సర్వీసులో ఎన్ని చూశామో లెక్కలేదు గాని, కుర్చీకి కూడా ఒక మనసుంటుందని అనుకున్నవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. 1955లో ‘బ్లింకిటీ బ్లాంక్’. నల్లటి ఫిల్ము మీద సూదితో, కత్తితో గీకి, చాలా జాగాలు ఖాళీగా వదిలేసిన చిత్రం. మెరుపు మెరిసినట్టు అక్కడొక బొమ్మ, ఇక్కడొక బొమ్మ; మధ్య ఖాళీని చూసేవాడి కన్నే పూరిస్తుంది. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో లఘుచిత్రాలకు అత్యున్నత పురస్కారం దానికే. 1956లో ‘రిథ్మెటిక్’. కాగితంతో కత్తిరించిన అంకెలు వరసల్లో కూడికలు, తీసివేతలు చేయబోతాయి, ఒకటి కుదురుగా ఉండక వరసంతా చెడగొడుతుంది. నెలాఖరున టోటలు కుదరక రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్న అకౌంట్స్ మిత్రులు ఇది తప్పక చూడాలి. 1968లో ‘పా ద దు’. తెల్లని దుస్తుల్లో ఇద్దరు బాలే నర్తకులు, వెనక చీకటి, రొమేనియా పిల్లనగ్రోవి. ఒక్కొక్క కదలికను పదకొండు సార్ల దాకా ఒకదాని మీద ఒకటి ముద్రించడంతో నర్తకి చేయి ఎత్తితే విసనకర్ర విప్పినట్టు పది చేతులు వెంట వస్తాయి. మన గుడి గోపురాల మీద అనేక బాహువుల విగ్రహాలు చూసిన కళ్ళకు అది వింతగా ఉండదు, అందంగా ఉంటుంది. నా మటుకు ఆయన చిత్రాల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

1973లో కెనడా ప్రభుత్వం తమ అత్యున్నత పౌర పురస్కారమైన ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’లో ఉన్నత శ్రేణి ఇచ్చింది. చివరి చిత్రం 1983లోని ‘నార్సిసస్’. 1984లో పదవీ విరమణ. ఆ తరువాత మూడేళ్ళు కూడా పూర్తిగా పెన్షను అనుభవించలేదు. 1987 జనవరి 27న మాంట్రియల్‌లో, డెబ్బై రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. 2009లో ‘నైబర్స్’ను యునెస్కో తన ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఉద్యోగిగా ఆయనలో నాకు నచ్చిన అలవాటు ఒకటి ఉంది. తీసిన చిత్రాలకు ఆయన ఒక నోటు రాసి పెట్టేవారు. ఏ సిరా వాడారు, ఏ కలం, శబ్దం ఎలా వచ్చింది, ఎక్కడ ఇబ్బంది ఎదురైంది, దాన్ని ఎలా దాటారు, అన్నీ. వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకోలేదు. అడిగినవారికల్లా బోర్డు ద్వారా పంపించారు. 1976–78 మధ్య మన్రోతో కలిసి, కదలిక అంటే ఏమిటో విద్యార్థులకు నేర్పే పాఠాలు కూడా సినిమాలుగా తీశారు. పని బదలాయించేటప్పుడు ఛార్జి లిస్టులో రెండు సంతకాలు పెట్టి, అసలు కిటుకు మాత్రం మనసులో దాచుకుని వెళ్ళిన సీనియర్లను మనం ఎరుగుదుం.

ఆయన చిత్రాలు చాలావాటిని కెనడా బోర్డు వారే ఇంటర్నెట్టులో ఉచితంగా చూడనిస్తున్నారు. మాటలు దాదాపు లేవు కాబట్టి భాష ఇబ్బంది లేదు. వినికిడి తగ్గిన మా బోటివారికి మరీ సుఖం. కార్యదర్శిగారికి నా మనవి ఒక్కటి. వచ్చే సర్వసభ్య సమావేశానికి కోరం చేరేలోపు ఎలాగూ ముప్పావుగంట కూర్చుంటాం. సంఘం హాల్లో టీవీ ఉంది. ‘నైబర్స్’ ఎనిమిది నిమిషాలు, కుర్చీ చిత్రం పది, నృత్యచిత్రం పదమూడు. మొత్తం ముప్పై ఒక్క నిమిషాలు. మనవలను కూడా తీసుకురండి. మెషీను నడపడానికి ఎలాగూ వాళ్ళే కావాలి.